నది ఇసుక తవ్వకం, పర్యావరణ అనుమతి: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఇల్లు కట్టుకునేవారు, ఊత్తుకోట, పళ్ళిపట్టు, గుమ్మిడిపూండి వైపు పొలాలున్నవారు, సరిహద్దుకు అవతల సత్యవేడు, నాగలాపురంలో బంధువులున్నవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఆరణి ఏరు, కుశస్థలి ఆంధ్ర వైపు నుంచి తమిళనాడులోకి వస్తాయి. పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా దిగుతుంది. ఏరు ఒకటే అయినా గట్టు మారితే రాష్ట్రం నిబంధనలు మారుతాయి. అందుకే ఏది కేంద్ర చట్టమో, ఏది రాష్ట్రం నియమమో విడివిడిగా చెప్పాం.

ఏటిలో ఇసుక తీస్తే నిజంగానే బావులు ఎండుతాయా? వరద వస్తే మళ్లీ నిండుతుంది కదా?

ఎండుతాయి. ఇసుక తిన్నె కిందున్న నీళ్లే ఊరి బావికి ఆధారం. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకున్నవారికి ఈ సంగతి కొత్త కాదు. ముతక ఇసుక తన ఘనపరిమాణంలో సుమారు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా నీటిని పట్టి, మెల్లగా వదులుతుంది. నాలుగో వంతు లెక్కన ఘనపు మీటరు ఇసుక నుంచి 250 లీటర్లు వస్తాయి. 27,000 ఘనపు మీటర్ల ఇసుక తీస్తే 67.5 లక్షల లీటర్ల నిల్వ చోటు పోయినట్టు. చెన్నై వీధుల్లో తిరిగే 12,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే అది 560కి పైగా ట్యాంకర్లు.

గుంతలోనూ నీళ్లు నిలుస్తాయి కదా అని కొందరంటారు. నిలుస్తాయి, కానీ ఎండకు ఆవిరవుతాయి. వరద తెచ్చిన సన్నటి బురద గుంత అడుగున పేరుకుని, నీళ్లు కిందికి ఇంకకుండా అడ్డుపడుతుంది. దీనికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఏటి అడుగు మట్టం దిగితే, ఇరువైపులా పొలాల కిందున్న నీళ్లు ఏటి వైపు వాలి జారిపోతాయి. అంతకుముందు ఏరు బావులకు నీళ్లిచ్చేది, ఇప్పుడు బావుల నీళ్లను ఏరే లాగేసుకుంటుంది. పాలారు ఒడ్డున ఇసుక ఊటతో పారే ఊట కాలువలకు మొదట దెబ్బ తగిలేది ఇందుకే.

చెన్నైకి ఇది ఊరి బయటి సమస్య కాదు. మీంజూరు, పంచెట్టి, తామరపాక్కం, పూండి బావుల క్షేత్రాలు ఆరణి, కుశస్థలి పరీవాహకంలోనే ఉన్నాయి. మీంజూరు వైపు సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకురావడం దశాబ్దాలుగా నమోదవుతున్న సంగతి. అక్కడి మూలకారణం మితిమీరిన తోడకం. ఇసుక పొర కూడా పోతే, తోడిన నీటి స్థానంలో మంచినీరు చేరే దారి మరింత ఇరుకవుతుంది.

పర్యావరణ అనుమతి ఎప్పటి నుంచి తప్పనిసరి? చిన్న క్వారీకి కూడా కావాలా?

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద, 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ దీనికి మూలం. మొదట్లో 5 హెక్టార్ల లోపు లీజులు దీని పరిధిలోకి రాలేదు. దాంతో పెద్ద తిన్నెను చిన్న ముక్కలుగా కోసి లీజుకిచ్చే అలవాటు పుట్టింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. 5 హెక్టార్ల లోపు ఇసుక వంటి చిన్న ఖనిజాల లీజుకైనా, దాని రెన్యువల్‌కైనా ముందస్తు అనుమతి ఉండాల్సిందే. ఇక్కడ ముఖ్యమైన మాట ‘ముందస్తు’. తవ్వకం మొదలుపెట్టి, దరఖాస్తు నడుస్తోందని చెప్పడం కుదరదు.

2016లో చిన్న లీజుల అధికారాన్ని కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి సంస్థకు ఇచ్చారు. 2018లో సత్యేంద్ర పాండే కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టాక పరిశీలన మళ్లీ రాష్ట్ర స్థాయికి వచ్చింది. జిల్లా సంస్థ ఇచ్చిన పాత అనుమతి కాగితం ఎవరైనా చూపిస్తే దాని తేదీ, ఆ తర్వాత రాష్ట్ర స్థాయిలో మళ్లీ పరిశీలించారా లేదా అన్నవి తప్పక చూడండి.

తమిళనాడులో ప్రైవేటు వ్యక్తి ఇసుక క్వారీ తీసుకోవచ్చా?

తీసుకోలేరు. తమిళనాడు చిన్న ఖనిజాల రాయితీ నియమాలు, 1959లోని 38ఏ నియమం ప్రకారం 2003 నుంచి ఇసుక క్వారీల నిర్వహణ ప్రభుత్వానిదే. అనుమతికి దరఖాస్తు చేసేది జలవనరుల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ప్రైవేటువారు లోడింగ్, రవాణా పనుల్లో మాత్రమే ఉంటారు. ‘ఫలానా చోట క్వారీ నా పేరున ఉంది, వాటా తీసుకోండి’ అని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి.

లోడింగ్ కాంట్రాక్టర్ అయినంత మాత్రాన బాధ్యత తప్పుతుందని అనుకోవద్దు. హద్దురాయి దాటి పొక్లెయిన్ తవ్వితే గనుల చట్టం 21వ సెక్షన్ దాన్ని నడిపినవారికి, నడిపించినవారికి కూడా వర్తిస్తుంది.

అన్నిటికంటే ముందు ఉండాల్సిన కాగితం ఏది?

జిల్లా సర్వే నివేదిక. అందరూ డీఎస్ఆర్ అంటారు. జిల్లాలో ఏ ఏటిలో ఎక్కడ ఇసుక మేట వేస్తుంది, ఎక్కడ గట్లు కోతకు గురవుతున్నాయి, ఎక్కడ తవ్వకూడదు, ఎంత తీయవచ్చు అన్నవి అందులో ఉండాలి. ముసాయిదాను కలెక్టరేట్‌లోనూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ 21 రోజులు ప్రజల ముందు పెట్టాలి. నివేదిక చెల్లుబాటు అయిదేళ్లు.

ఊళ్లో చాలామంది పబ్లిక్ హియరింగ్ (ప్రజాభిప్రాయ సేకరణ) రోజునే మేలుకుంటారు. అప్పటికే ఆలస్యం అయిపోయింది. ఆ 21 రోజుల్లో ‘ఈ సర్వే నంబరుకు 200 మీటర్ల దూరంలో పంచాయతీ మంచినీటి బావి ఉంది, పటంలో చూపలేదు’ అని ఒక్క వాక్యం రాసి రసీదు తీసుకుంటే, తర్వాత చేసే పది ధర్నాల కన్నా దానికి బరువెక్కువ.

2021 నవంబరులో బిహార్ కేసులో సుప్రీంకోర్టు డీఎస్ఆర్ తప్పనిసరి అని చెప్పింది. 2025 ఆగస్టు 22న జమ్ము కాశ్మీర్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో కొలిచిన అధ్యయనం లేకపోతే ఆ డీఎస్ఆర్ నిలవదని తేల్చింది. కాబట్టి ఇప్పుడు ఏ అనుమతినైనా పరీక్షించాలంటే మొదట అడగాల్సింది రీప్లెనిష్‌మెంట్ స్టడీ ఎక్కడుందని.

ఆ రీప్లెనిష్‌మెంట్ స్టడీ ఎలా చేస్తారు? ఎక్కడ తప్పులు జరుగుతాయి?

వరదకు ముందు ఏటి అడుగు మట్టం కొలిచి, వరద తర్వాత అదే చోట మళ్లీ కొలిస్తే, ఆ తేడాయే ఏరు తెచ్చి పోసిన ఇసుక. అంతకు మించి తీస్తే తీసింది ఆదాయం కాదు, అసలు.

2020 జనవరిలో కేంద్రం ఇచ్చిన అమలు, పర్యవేక్షణ మార్గదర్శకాలు ఏడాదికి నాలుగు సర్వేలు చేయమంటాయి. మొదటిది ఏప్రిల్‌లో. రెండోది వానాకాలానికి తవ్వకం ఆపేటప్పుడు. మూడోది వానలు వెళ్లాక. నాలుగోది మార్చి చివర. ఆ క్యాలెండర్‌లో నైరుతి ఋతుపవనం ప్రధానమైన ప్రాంతాల పోలిక కనిపిస్తుంది. తిరువళ్లూరు జిల్లాకు అసలు వరద అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. ఇక్కడ సెప్టెంబరు చివర రెండో సర్వే, నీళ్లు తగ్గాక జనవరిలో మూడో సర్వే చేయడమే సబబు. అక్టోబరు మొదట్లోనే ‘వానల తర్వాతి సర్వే’ చేసేసిన నివేదిక ఈ ఏరులకు పనికిరాదు.

కొలతకు ముందు బెంచ్‌మార్క్, అంటే మట్టాలు కొలవడానికి ఆధారమయ్యే కదలని గుర్తు కావాలి. అది వరద తాకని చోట, వంతెన అబట్‌మెంట్ మీదనో కాంక్రీటు స్తంభం మీదనో ఉండాలి. ఏటిలో పాతిన రాయి వరదకు కదిలిందంటే రెండు సర్వేలకూ పొంతన ఉండదు. లీజు హద్దుల లోపలే కాకుండా ఎగువా దిగువా కొంత దూరం వరకు అడ్డుకోతలు, అంటే ఏటికి అడ్డంగా మట్టం కొలతలు తీయాలి. 25 మీటర్లకు ఒకటి తీస్తే గుంతలు కనబడతాయి. 100 మీటర్లకు ఒకటి తీస్తే గుంతలు ఆ మధ్యలో దాక్కుంటాయి.

అంకెలతో చూద్దాం. 27,000 చదరపు మీటర్ల తవ్వకం ప్రాంతంలో మట్టం కొలతలో 10 సెంటీమీటర్ల పొరపాటు జరిగితే 2,700 ఘనపు మీటర్ల ఇసుక తేడా వస్తుంది. చెన్నై లెక్కలో అది 950 యూనిట్లకు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) పైనే. డ్రోన్‌తో సర్వే చేసినప్పుడు ఇలాంటి పొరపాటు సులభంగా జరుగుతుంది, ఎందుకంటే డ్రోన్ నీటి అడుగును చూడలేదు, సర్కారు తుమ్మ పొదల పైభాగాన్ని నేలగా లెక్కేస్తుంది. నీళ్లున్న చోటా పొదలున్న చోటా మనిషి దిగి కర్రతో కొలవక తప్పదు.

ఇంకో రెండు పొరపాట్లు తరచుగా కనబడతాయి. గుంతలో నిండిందంతా ఇసుక కాదు, అందులో సగం ఒండ్రు ఉండవచ్చు. మూడు నాలుగు చోట్ల అర మీటరు లోతు నుంచి నమూనా తీసి జల్లెడ పట్టించాలి. రెండోది, గట్టు కూలి గుంతలో పడిన మట్టిని కూడా ‘తిరిగి చేరిన ఇసుక’గా చూపడం. అది ఏరు తెచ్చింది కాదు, పక్క రైతు పొలం.

ఆనకట్ట దిగువన ఉన్న చోట కూడా ఇసుక తిరిగి చేరుతుందా?

చాలా తక్కువ. 1944లో కుశస్థలి మీద కట్టిన పూండి జలాశయమైనా, ఆరణి మీద పిచ్చాటూరు దగ్గరి జలాశయమైనా నీటితో పాటు ముతక ఇసుకను పట్టి ఉంచేస్తాయి. గేట్ల నుంచి దిగే నీటికి మోసుకెళ్లే ఇసుక ఉండదు. ఆ వెలితి తీర్చుకోవడానికి అది దిగువ అడుగునూ గట్లనూ కోసుకుంటూ పోతుంది. అలాంటి చోట ‘ఏటా మీటరు మేట వేస్తుంది’ అన్న అంచనా కనిపిస్తే కొలతల పట్టిక అడగండి. దిగువన కలిసే వాగుల నుంచి ఎంత వస్తుందో చూపకుండా ఆ అంకె రాదు.

మైనింగ్ ప్లాన్‌లో పరిమాణం లెక్క ఎలా చూసుకోవాలి?

ఒక ఉదాహరణ. లీజు 4.5 హెక్టార్లు. మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా లీజు విస్తీర్ణంలో 60 శాతానికి మించి తవ్వకూడదు. అంటే 2.7 హెక్టార్లు, 27,000 చదరపు మీటర్లు. మీటరు లోతు తీస్తే 27,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.6 టన్నుల లెక్కన 43,200 టన్నులు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు, కాబట్టి సుమారు 9,540 యూనిట్లు. మూడు యూనిట్ల లారీలైతే 3,180 ట్రిప్పులు. 250 పనిదినాలకు పంచితే రోజుకు 13 లారీలు.

ఊరి దారిలో రోజుకు 60 లారీలు వెళ్తుంటే ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. వారం రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీలు లెక్కపెట్టి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. అది మంచి సాక్ష్యం.

మరుసటి ఏడాది లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మూడో సర్వేలో 40 సెంటీమీటర్ల మేటే తేలిందనుకుందాం. అప్పుడు తిరిగి చేరింది 10,800 ఘనపు మీటర్లు. అనుమతిలో 27,000 అని ఉన్నా ఆ ఏడాది 10,800 దాటకూడదు. ఇక్కడే ఎక్కువ క్వారీలు తప్పుతాయి. మొదటి ఏడాది అంకెనే అయిదేళ్లూ వాడేస్తారు.

ఎంత లోతు, గట్టుకూ వంతెనకూ ఎంత దూరం?

లోతు 3 మీటర్లకు మించకూడదు. ఇది గరిష్ఠ హద్దు మాత్రమే, 3 మీటర్ల హక్కుగా చదవకూడదు. ఊట తగిలితే 3 మీటర్లు రాకముందే ఆపాలి. పారే నీటిలో తవ్వకూడదు. వానాకాలంలో తవ్వకం నిషేధం.

గట్టు నుంచి నది వెడల్పులో నాలుగో వంతు, ఎంత చిన్న ఏరైనా 7.5 మీటర్లకు తగ్గకుండా వదలాలని ఒక సూత్రం. మార్గదర్శకాల్లో దీన్ని చెప్పిన తీరు చోటుచోటుకూ కొంచెం మారుతుంది. అందుచేత మీ క్వారీకి ఇచ్చిన అనుమతి ఉత్తర్వులో, పటంలో ఏ అంకె వేశారో అదే పట్టుకోండి. ఏరు మలుపు తిరిగే చోట బయటి గట్టు, అంటే నీళ్లు కొట్టుకునే గట్టు దగ్గర అసలు తవ్వకూడదు. లోపలి వైపు తిన్నెలో కూడా ఎగువ భాగాన్ని మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వదిలి, దిగువ భాగంలోనే తీయాలి. ఆ తిన్నె తలే వరద వేగాన్ని ఆపి కొత్త ఇసుకను పట్టి నిలిపేది.

వంతెన, నీటి పథకం వంటి కట్టడాలకు ఎగువన స్పాన్‌కు (రెండు స్తంభాల మధ్య దూరానికి) 5 రెట్లు, దిగువన 10 రెట్లు దూరం ఉండాలి. ఎగువన 250 మీటర్లకు, దిగువన 500 మీటర్లకు తగ్గకూడదు. పెద్ద వంతెనలకూ హైవేలకూ రెండు వైపులా కిలోమీటరు దూరం చెబుతారు. దిగువన ఎందుకు ఎక్కువ దూరం అని చాలామంది అడుగుతారు. గుంత ఎగువ అంచు దగ్గర నీళ్లు జలపాతంలా దూకి అడుగును కోస్తాయి. ఆ కోత వరదకు వరద ఎగువకు పాకుతుంది. దిగువన తీసిన గుంత ఇలాగే రెండు మూడేళ్లలో వంతెన స్తంభం కాళ్ల దగ్గరికి చేరవచ్చు. స్తంభం కింద పైల్ క్యాప్ బయటపడి కనిపిస్తే, కారణం ఎక్కువగా దిగువనే వెతకాలి.

దరఖాస్తు ఏ దారిలో నడుస్తుంది?

ఖనిజ శాఖ ఆమోదించిన మైనింగ్ ప్లాన్, డీఎస్ఆర్, రీప్లెనిష్‌మెంట్ స్టడీ, హద్దుల అక్షాంశ రేఖాంశాలు, 500 మీటర్ల లోపు ఉన్న ఇతర క్వారీల గురించి ధ్రువపత్రం జతచేసి కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో దాఖలు చేయాలి. తమిళనాడులో పరిశీలించేది రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ. ఆఫీసు సైదాపేటలోని పనగల్ మాళిగైలో ఉంది. ఆ పేరు మన శ్రీకాళహస్తి వైపు పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన పానగల్ రాజా రామరాయనింగారిది.

విడిగా ఉన్న 5 హెక్టార్ల లోపు లీజు బీ2 వర్గం. 5 హెక్టార్లు దాటితే బీ1. దానికి పూర్తి ఈఐఏ నివేదిక, పబ్లిక్ హియరింగ్ కావాలి. లీజుల అంచుల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే వాటిని ఒకే క్లస్టర్‌గా కలిపి లెక్కిస్తారు. నాలుగేసి హెక్టార్ల మూడు లీజులు పక్కపక్కన ఉంటే 12 హెక్టార్లు అయినట్టే. కాబట్టి 500 మీటర్ల ధ్రువపత్రం తేదీ, అందులో రాసిన సర్వే నంబర్లు జాగ్రత్తగా చదవండి. దరఖాస్తులో దాచిన విషయాలు సాధారణంగా అక్కడే తేలుతాయి.

పబ్లిక్ హియరింగ్‌లో తెలుగులో మాట్లాడవచ్చా? ఏం అడగాలి?

మాట్లాడవచ్చు. సరిహద్దు ఊళ్లలో తెలుగే ఇంటి భాష. అయినా రాతపూర్వక అభ్యంతరం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఒక ప్రతి ఇవ్వండి, మినిట్స్‌లో సరిగ్గా ఎక్కుతుంది. హియరింగ్‌కు 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన రావాలి. నడిపేది కాలుష్య నియంత్రణ మండలి, అధ్యక్షత కలెక్టర్‌ది లేదా ఆయన నియమించిన అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారిది. వీడియో తీయాలి. కోరం ఏమీ లేదు. పదిమందే వచ్చినా సమావేశం జరిగినట్టే, అందుకని ‘మనం బహిష్కరిస్తే ఆగిపోతుంది’ అనుకోవడం పొరపాటు.

‘ఇసుక తీయొద్దు’ అన్న మాటకు జవాబు రాయడం వాళ్లకు చాలా తేలిక. ‘బెంచ్‌మార్క్ ఎక్కడ పెట్టారు, మూడో సర్వే ఏ తేదీన చేశారు, మా బోరు నీటిమట్టం ఏ నెలలో కొలిచారు, లారీలు బడి ముందునుంచి వెళ్లకుండా ఏ దారి’ అని అడిగితే ప్రతిదానికీ తుది నివేదికలో జవాబు రాయాలి.

అనుమతి వచ్చాక క్వారీలో ఏం కనబడాలి?

అక్షాంశ రేఖాంశాలు రాసిన హద్దు స్తంభాలు, వచ్చే దారికీ వెళ్లే దారికీ సీసీటీవీ, తూకం వేసే వేబ్రిడ్జి, నకిలీ చేయలేని కోడ్ ఉన్న రవాణా పర్మిట్, లారీకి జీపీఎస్. అనుమతి వచ్చిన 7 రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వేరే తీసుకోవాలి. షరతుల అమలు నివేదిక ఏటా జూన్ 1కీ, డిసెంబరు 1కీ దాఖలు చేయాలి. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దాని నకలు, నాలుగు సర్వేల మట్టాల పట్టిక అడగవచ్చు.

వరదకు మా పొలంలో ఇసుక మేట వేసింది. తీసేయడానికి అనుమతి కావాలా?

వరద తర్వాత రైతు తన పొలంలోని మేట తీసుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఊరి చెరువు పూడిక పని, కుమ్మరుల చేతి తవ్వకం కూడా మినహాయింపు జాబితాలో ఉన్నాయి. అయితే మేటను పొలం దాటించి అమ్మాలంటే ఖనిజ శాఖ అనుమతి, సీనియరేజి (ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) తప్పవు. తీసేముందు మేట మందం నాలుగు మూలలా కొలిచి, గ్రామ అధికారితో రాయించుకోండి. 60 సెంటీమీటర్ల మేట అని చెప్పి రెండు మీటర్లు తవ్వితే అది మేట తీయడం కాదు, క్వారీ.

సవుడు (మెరక వేసే మట్టి) పర్మిట్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పైన ఒక అడుగు మందం మట్టి, కింద ఏటి ఇసుక ఉన్న భూముల్లో సవుడు పేరుతో ఇసుక వెళ్లిపోతుంది. భూమి ఇచ్చిన రైతు పేరే కేసులో ముందుంటుంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి మా బంధువులు ఇసుక పంపుతామంటున్నారు. తెప్పించుకోవచ్చా?

వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది. అది ఆ రాష్ట్రంలోని వాడకానికే, రాష్ట్రం దాటించడం నిషేధం. ఆంధ్ర పర్మిట్ ఊత్తుకోట దాటాక చెల్లదు. బండి పట్టుబడితే బండి యజమానితో పాటు ఇసుక కొన్నవారినీ పిలుస్తారు.

సముద్రం దగ్గరి ఇసుక, పులికాట్ ముఖద్వారం ఇసుక వాడవచ్చా?

తీర నియంత్రణ మండలంలో ఇసుక తవ్వకం నిషేధం. ముఖద్వారంలో పేరుకున్న ఇసుకమేటలను సంప్రదాయ మత్స్యకారులు చేతితో తీయడానికి మాత్రమే సడలింపు ఉంది. కట్టడానికి కూడా అది పనికిరాదు. ఉప్పు కాంక్రీటులో చేరి ఊచలను తుప్పు పట్టిస్తుంది, కొన్నేళ్లలో స్లాబు కింద పెచ్చులు ఊడతాయి.

అయితే ఇల్లు దేనితో కట్టాలి? ఎం-శాండ్ నమ్మవచ్చా?

నమ్మవచ్చు, పరీక్షించి కొంటే. ఎం-శాండ్ అంటే రాయిని పిండిచేసి తయారుచేసిన ఇసుక. ఐఎస్ 383:2016 ప్రమాణం దీన్ని గుర్తించింది. 75 మైక్రాన్ల కంటే సన్నటి పొడి సహజ ఇసుకలో 3 శాతం, పిండిచేసిన ఇసుకలో 15 శాతం దాటకూడదు. రాళ్లు పగలగొట్టగా మిగిలే క్రషర్ డస్ట్‌ను ఎం-శాండ్ పేరుతో అంటగట్టడమే ఇక్కడి పెద్ద బెడద. డస్ట్ బూడిద రంగులో ఉండి పిడికిట్లో పట్టి వదిలితే పొడి అంటుకుపోతుంది, గింజలు పలకలుగా ఉంటాయి. దాన్ని కలిపితే మేస్త్రీ నీళ్లు ఎక్కువ పోస్తాడు, స్లాబు బీటలిస్తుంది. గోడ పూతకు సన్నటి పీ-శాండ్ వేరే అడగాలి. ప్రజాపనుల శాఖ ఆమోదం ఉన్న ప్లాంటు నుంచి బిల్లుతో కొనండి.

నది ఇసుక అని చెప్పి అమ్మేదాన్ని ఇంట్లోనే చూడవచ్చు. గాజు కొలజాడీలో 50 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు పోయండి, అర లీటరు నీటికి ఒక చెంచా ఉప్పు చాలు. ఇసుక 100 గీత దాకా, మళ్లీ ఉప్పునీళ్లు 150 గీత దాకా పోసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన పేరుకున్న ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే వద్దు. అది మట్టిని కడిగి తీసిన ఫిల్టర్ ఇసుక కావచ్చు.

తడి ఇసుక యూనిట్ లెక్కన కొంటే నష్టం. అయిదారు శాతం తేమతో ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బుతుంది. తూకం వేయించి కొనండి. ఒక యూనిట్ పొడి ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు.

అక్రమ తవ్వకం కనబడితే ఎవరికి, ఎలా చెప్పాలి?

రాత్రిపూట లారీకి అడ్డం వెళ్లకండి. ప్రాణాలు పోయిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. పగలు వెళ్లి, చోటు వివరాలు నమోదయ్యే కెమెరా యాప్‌తో ఫొటోలు తీయండి. గుంత లోతుకు అంచు నుంచి తాడు దించి, ముడివేసి, టేపుతో కొలిచి ఫొటో తీయండి. గూగుల్ ఎర్త్‌లో అదే చోటు పాత చిత్రాలు తేదీలతో దాచుకోండి. తహసీల్దారు, ఆర్డీవో, ఖనిజ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్, కాలుష్య నియంత్రణ మండలి, పోలీసులు, అందరికీ ఒకే ఫిర్యాదు రసీదుతో ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల దినాన ఇస్తే నంబరు వస్తుంది.

గనుల చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆ చట్టం కింద కోర్టుకు వెళ్లాల్సింది అధీకృత అధికారే. కానీ ఏటి ఇసుక తీసుకెళ్లడం దొంగతనం కూడా అని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, దానిమీద పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. అనుమతి మించి తీసిన ఖనిజం పూర్తి విలువ రాబట్టవచ్చని 2017 ఆగస్టు 2 నాటి కామన్ కాజ్ తీర్పులో ఉంది.

దీనికీ కదలిక లేకపోతే చెపాక్‌లోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి ఉంది. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. లాయరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఇచ్చిన అనుమతినే సవాలు చేయాలంటే 30 రోజుల్లో అప్పీలు వేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 90 దాటితే ట్రిబ్యునల్ కూడా తీసుకోలేదు. అక్రమ తవ్వకం మీద దరఖాస్తుకు ఆరు నెలలు, నష్టపరిహారానికి అయిదేళ్లు గడువు. అప్పీలు గడువు ఉత్తర్వు మీకు తెలియజేసిన రోజు నుంచి లెక్క కాబట్టి, పత్రికలో ప్రకటన వచ్చిన పేజీని తేదీ కనబడేలా కత్తిరించి దాచండి.